జీరో బిల్లు పోకుండా ఎలక్ట్రిక్ బండికి చార్జింగ్: అపార్ట్‌మెంట్లలో ఉండే గృహజ్యోతి లబ్ధిదారులకు పాఠం

ఈ పాఠం ఎవరికి? తెల్ల రేషన్ కార్డు మీద నెలనెలా కరెంట్ జీరో బిల్లు అందుకుంటున్న కుటుంబాలకు. డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల బ్లాకుల్లో, చిన్న అపార్ట్‌మెంట్లలో ఉంటూ ఎలక్ట్రిక్ స్కూటరో ఆటోనో కొన్నవాళ్లకు, కొనాలని చూస్తున్నవాళ్లకు. సొంత ఇల్లు, సొంత వాకిలి ఉన్నవాళ్లకు ఇందులో సగమే పనికొస్తుంది.

తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేస్తూ 2024 నవంబర్‌లో జీవో 41 వచ్చింది. ఈ మాఫీ 2026 డిసెంబర్ 31 వరకు ఉంటుంది. స్కూటర్లు, కార్లు, మూడు సీట్ల ఆటోలు, ట్యాక్సీలు అన్నింటికీ వర్తిస్తుంది. అందుకే షోరూమ్‌లకు గిరాకీ పెరిగింది. అక్కడివాళ్లు మీకు ఈఎంఐ చెప్తారు, ఒక్క చార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు పోతుందో చెప్తారు. "ఇంట్లో ప్లగ్గుకు పెడితే చాలు" అని కూడా అంటారు. కానీ మీ ఇల్లు మూడో అంతస్తులో, బండి కింద స్టిల్ట్ పార్కింగ్‌లో. ఆ ప్లగ్గు ఎక్కడుంది? అది ఏ మీటర్ మీద తిరుగుతుంది? బండి కొనకముందే ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి. కొన్నాక తెలుసుకుంటే జీరో బిల్లు పోయిన నెల తెలుస్తుంది.

200 దాటితే ఏమవుతుంది

గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హత గల ఇళ్లకు జీరో బిల్లు ఇస్తున్నారు. చాలామంది దీన్ని "200 యూనిట్లు ఫ్రీ, పైన వాడినదానికే డబ్బులు" అనుకుంటారు. అది తప్పు. 200 దాటిన నెలలో మొత్తం యూనిట్లకూ బిల్లు వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. ఒక ఇంట్లో ఏప్రిల్‌లో కూలర్, ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ అన్నీ కలిపి 165 యూనిట్లు కాలుతున్నాయి అనుకోండి. జీరో బిల్లే. ఆ ఇంటాయన స్కూటర్ కొన్నాడు, రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతాడు. మామూలు ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక యూనిట్‌కు సుమారు 30 కిలోమీటర్లు పోతుంది. అంటే నెలకు 40 యూనిట్లు. మొత్తం 205. ఇప్పుడు బిల్లు ఇలా వేస్తారు: నెలకు 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసలు, అంటే 1,020 రూపాయలు. ఆ పై 5 యూనిట్లకు 7 రూపాయల 70 పైసల చొప్పున 38 రూపాయల 50 పైసలు. మొత్తం 1,058 రూపాయల 50 పైసలు. దీని మీద ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం వేరు. 5 యూనిట్లు ఎక్కువైనందుకు వెయ్యి రూపాయల పైన!

మళ్లీ వచ్చే నెల 200 లోపు వస్తే జీరో బిల్లే వస్తుంది, పథకం శాశ్వతంగా పోదు. భయపడి "మా కార్డు కట్ అయింది" అని ఆఫీసుల చుట్టూ తిరగకండి. ఆ ఒక్క నెల బిల్లు గడువులోపు కట్టేయండి.

మీ బండికి నెలకు ఎన్ని యూనిట్లు

స్కూటర్ లెక్క చెప్పాం, 30 కిలోమీటర్లకు ఒక యూనిట్. ఫుడ్ డెలివరీ చేసే తమ్ముళ్లు రోజుకు 100 కిలోమీటర్ల దాకా తిరుగుతారు కాబట్టి వాళ్లకు రోజుకు 3 యూనిట్ల పైన, నెలకు 26 రోజులు తిరిగితే 85 నుంచి 90 యూనిట్లు. ప్యాసింజర్ ఆటో ఒక యూనిట్‌కు 12, 13 కిలోమీటర్లే పోతుంది. రోజుకు 100 కిలోమీటర్లు నడిపితే 8 యూనిట్లు, 26 రోజులకు 208. అంటే ఇంట్లో ఒక్క బల్బు వెలిగించకపోయినా ఆటో ఒక్కటే 200 దాటించేస్తుంది. కారు యూనిట్‌కు 6, 7 కిలోమీటర్లు.

ఇప్పుడు మీ ఇంటి బిల్లులు తీయండి. జీరో బిల్లు అయినా దాని మీద ఎన్ని యూనిట్లు వాడారో ఉంటుంది. 12 నెలల బిల్లులు లేకపోతే కనీసం ఏప్రిల్, మే, జూన్ బిల్లులు చూడండి. వాటిలో ఎక్కువ వచ్చిన నెల యూనిట్లకు బండి యూనిట్లు కలపండి. 180 లోపు వస్తే మీకు వేరే మీటర్ అవసరం లేదు, ఇంటి మీటర్ మీదే చార్జింగ్ పెట్టుకోండి. ఎక్కువ మంది స్కూటర్‌వాళ్లకు ఇదే సరిపోతుంది. అవసరం లేని మీటర్‌కు ఏడాది పొడవునా ఫిక్స్‌డ్ చార్జీ కట్టడం దండగ.

180 నుంచి 200 మధ్య వస్తే కొంచెం ఆలోచించాలి. వేసవి మూడు నెలలే ఇబ్బంది అయితే, ఆ నెలల్లో వారానికి రెండు రోజులు పని చేసేచోట పెట్టుకుంటే సరిపోవచ్చు. ప్రతి నెలా ఒకే తేదీన మీటర్ రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. 20వ తేదీకే 150 దాటితే జాగ్రత్త పడతారు.

200 దాటేవాళ్లు, ముఖ్యంగా ఆటో నడిపే అన్నలు, వేరే కనెక్షన్ తీసుకోవాల్సిందే. పైన చెప్పిన ఆటో లెక్కనే చూడండి. ఇల్లు 120, ఆటో 208, మొత్తం 328 యూనిట్లు ఒకే మీటర్ మీద. మొదటి 200కు 1,020, తర్వాతి 100కు 7.70 చొప్పున 770, మిగతా 28కి 9 రూపాయల చొప్పున 252. మొత్తం 2,042 రూపాయలు. అదే ఆటోను ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్ కేటగిరీ మీటర్ మీద పెడితే యూనిట్ 6 రూపాయల లెక్కన 1,248, దానికి కిలోవాట్ల లెక్కన ఫిక్స్‌డ్ చార్జీ కలుస్తుంది. ఇంటికి మాత్రం జీరో బిల్లు అలాగే ఉంటుంది. నెలకు ఐదారు వందలు మిగులుతాయి. ఈ రేట్లను విద్యుత్ నియంత్రణ మండలి సవరిస్తూ ఉంటుంది కాబట్టి దరఖాస్తు రోజున సెక్షన్ ఆఫీసులో ఒకసారి అడిగి రాసుకోండి.

వేరే మీటర్ మీ హక్కు

"ఒక ఇంటికి ఒకటే మీటర్" అని ఎవరైనా అంటే నమ్మకండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం 2024 ఫిబ్రవరి 22న సవరించింది. వినియోగదారు అడిగితే ఎలక్ట్రిక్ వాహనం చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ ఇవ్వొచ్చని అందులో ఉంది. కొత్త కనెక్షన్ ఇచ్చే గడువు కూడా తగ్గించారు. మెట్రో నగరాల్లో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7 రోజులు, గ్రామాల్లో 15 రోజులు. కొత్తగా లైన్ లాగాల్సి వచ్చినా, ట్రాన్స్‌ఫార్మర్ పెంచాల్సి వచ్చినా ఈ గడువు వర్తించదు, ఎక్కువ రోజులు పడుతుంది.

దరఖాస్తు హైదరాబాద్, దక్షిణ జిల్లాల్లో టీజీఎస్పీడీసీఎల్‌కు, ఉత్తర జిల్లాల్లో టీజీఎన్పీడీసీఎల్‌కు చేయాలి. వినియోగదారుల సేవా కేంద్రంలో ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. ఆధార్, ఇంటి పట్టా లేదా కేటాయింపు పత్రం, ఇప్పుడున్న మీటర్ యూఎస్‌సీ నంబర్, బండి ఆర్‌సీ లేదా బుకింగ్ రసీదు దగ్గర పెట్టుకోండి. డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల పట్టాలు ఇంటి మహిళ పేరున ఇచ్చారు, ఆటో మాత్రం భర్త పేరున ఉంటుంది. కనెక్షన్‌కు ఇల్లు ఎవరి పేరున ఉందో వాళ్లే సంతకం పెడితే తిరుగుడు తగ్గుతుంది. కిరాయికి ఉండేవాళ్లయితే ఓనర్ నుంచి అభ్యంతరం లేదని రాయించుకోవాలి.

ఫారంలో కేటగిరీ దగ్గర జాగ్రత్త. "ఎలక్ట్రిక్ వాహన చార్జింగ్" అని స్పష్టంగా రాయండి, రసీదు మీద కూడా అదే ఉందో చదవండి. తొందరలో గృహ కేటగిరీ అని పడితే మీరు మీటర్ తీసుకున్న ప్రయోజనమే పోతుంది. లోడ్ దగ్గర చార్జర్ మీద రాసిన వాట్లు చూసి రాయండి. స్కూటర్ చార్జర్లు చాలావరకు ఒక కిలోవాట్ లోపే. ఆటోలకు 2 నుంచి 3 కిలోవాట్లు. ఎక్కువ రాస్తే డిపాజిట్, డెవలప్‌మెంట్ చార్జీ, నెల నెలా ఫిక్స్‌డ్ చార్జీ అన్నీ పెరుగుతాయి.

ఇంటి మీటర్ మీదే పెట్టుకునేవాళ్లు కూడా బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూసుకోండి. ఒక కిలోవాట్ ఉన్న ఇంట్లో కూలర్, ఇస్త్రీ పెట్టె, స్కూటర్ ఒకేసారి నడిస్తే మీటర్ ఆ ఎక్కువ లోడ్‌ను నమోదు చేస్తుంది. తర్వాత అదనపు లోడ్‌కు డబ్బు కట్టమని నోటీసు రావచ్చు. ఇంట్లో అందరూ పడుకున్నాక చార్జింగ్ పెడితే ఈ బాధ ఉండదు.

చేయకూడనివి రెండు ఉన్నాయి. మెట్ల లైట్లు, లిఫ్టు, బోరు మోటార్ నడిచే కామన్ మీటర్‌కు రాత్రిపూట ప్లగ్గు పెట్టడం ఒకటి. ఆ బిల్లు అందరి మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి పోతుంది, గొడవ అక్కడే మొదలవుతుంది. మీటర్‌కు ముందున్న వైరు నుంచి లాగితే అది దొంగతనం కేసు. రెండోది, ఇంటి మీటర్ నుంచి పక్కవాళ్ల బండ్లకు డబ్బులు తీసుకుని చార్జింగ్ పెట్టడం. గృహ కనెక్షన్‌ను వేరే పనికి వాడారని విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్క వేయొచ్చు. జీరో బిల్లు కరెంట్‌తో వ్యాపారం చేశారన్న మాట కూడా పడుతుంది.

స్థలం ఎవరిది, అనుమతి ఎవరిది

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మీటర్ కరెంటాఫీసు ఇస్తుంది. గోడ మీద ప్లగ్ పాయింట్ బిగించే స్థలం మాత్రం అందరిదీ. స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి స్థలంలో భాగమే, విడిగా అమ్ముకునే వస్తువు కాదు అని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "ఇది నా పార్కింగ్, నా ఇష్టం" అని మేకు కొట్టడానికి లేదు. అలాగే కమిటీవాళ్లు "మాకు ఇష్టం లేదు" అని కారణం చెప్పకుండా కొట్టేయడమూ న్యాయం కాదు. ఈ గొడవను లైన్‌మన్ గానీ ఏఈ గానీ తీర్చరు. మీటర్‌కు దరఖాస్తు చేయకముందే కమిటీ సంతకం తీసుకోండి. కమిటీ లేని బ్లాకుల్లో, ఉన్న ఇళ్లవాళ్లలో సగానికి పైగా సంతకాలు తీసుకుంటే తర్వాత మాట పడకుండా ఉంటుంది.

కొత్తగా కట్టే భవనాలకు సంగతి వేరు. 2019 ఫిబ్రవరిలో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ మాదిరి భవన నిబంధనలను సవరించింది. దాని ప్రకారం పార్కింగ్‌లో 20 శాతం బండ్లకు చార్జింగ్ ఏర్పాటు ఉండాలి, ఆ లోడ్‌ను కట్టేటప్పుడే 1.25 రెట్ల లెక్కతో కలుపుకోవాలి. ఇది రాష్ట్రాలకు మార్గదర్శకం. ఇప్పటికే కట్టిన బ్లాకుల్లో పాయింట్లు పెట్టి తీరాలని అందులో లేదు. కానీ కమిటీ మీటింగులో మాట్లాడటానికి ఈ 20 శాతం మంచి ఆధారం. "మేము అడుగుతున్నది వింత కోరిక కాదు, కొత్త భవనాలన్నింటికీ కేంద్రం చెప్తున్నదే" అనండి.

పాయింట్ ఎక్కడ పెట్టాలి

కొల్లూరు లాంటి పెద్ద డబుల్ బెడ్‌రూమ్ కాలనీ తీసుకోండి. అక్కడ 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. స్టిల్ట్ మీద తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. అలాంటి చోట బాల్కనీ నుంచి కిందకు వైరు వేలాడదీసి, దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి రాత్రంతా చార్జింగ్ పెడితే ఏమవుతుందో ఊహించండి. వైరు గోడకు రాసుకుని పై తొడుగు పోతుంది, వాన నీళ్లు బాక్సులోకి పోతాయి, కింద పిల్లలు ఆడుకుంటుంటారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్ స్టేషన్లలో ఎక్స్‌టెన్షన్ వైరు, అడాప్టర్, చేతిలో పట్టుకుని తిరిగే సాకెట్ వాడకూడదని స్పష్టంగా చెప్తున్నాయి. మీది ఒక్క సాకెట్ పాయింటే అయినా అవే పాటించండి.

ఆ నిబంధనల్లో మిగతావి గుర్తుంచుకోవడం తేలికే. సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో, అంటే మామూలు మనిషి నడుము ఎత్తుకు కొంచెం కిందగా ఉండాలి. మన స్టిల్ట్‌లలో పెద్ద వానకు నీళ్లు నిలుస్తాయి కదా, మా మాటగా అయితే వెయ్యి మిల్లీమీటర్లు పెట్టమని అంటాం. బండి ఆగే చోటు నుంచి పాయింట్ 5 మీటర్ల లోపు ఉండాలి. ప్రతి పాయింట్‌కూ విడిగా లైన్, విడిగా ఎంసీబీ ఉండాలి. షాక్ కొట్టకుండా 30 మిల్లీఆంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎలక్ట్రీషియన్ "ఎంసీబీ ఉంది కదా చాలు" అంటాడు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. రెండూ వేరు. డబ్బులు మిగుల్చుకోవాలంటే పెయింట్ దగ్గర మిగుల్చుకోండి గానీ దీని దగ్గర కాదు.

మంచి వార్త ఏమిటంటే చాలా బ్లాకుల్లో మీటర్లన్నీ స్టిల్ట్‌లోనే ఒకచోట ప్యానెల్‌లో ఉంటాయి. మీ మీటర్ తర్వాత ఒక ఎంసీబీ పెట్టి, అక్కడి నుంచి పైపులో వైరు లాగితే మీ పార్కింగ్‌కు చేరుతుంది. మూడో అంతస్తు దాకా ఎక్కి దిగాల్సిన పని లేదు. మీటర్ వరకు బాధ్యత కరెంటాఫీసుది, మీటర్ తర్వాత బాధ్యత మీది. కాబట్టి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తోనే చేయించండి. స్కూటర్‌కు 2.5, ఆటోకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయమనండి. ఎర్తింగ్ ఉందో లేదో మీ ముందే టెస్ట్ చేయించండి.

సాకెట్‌కు తాళం వేసే డబ్బా పెట్టండి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. కానీ సాకెట్ మీ ఇంటి మీటర్ మీద ఉంటే, పగలు మీరు పనికి పోయాక ఎవరో వాళ్ల బండి తగిలిస్తే, మీకు తెలియకుండానే 200 దాటుతుంది. బిల్లు మీదే.

మెట్ల కింద వద్దు

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. ఆ షోరూమ్ పైన లాడ్జి ఉంది. పొగ మెట్ల దారిలో పైకి ఎక్కింది. 8 మంది చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఎలక్ట్రిక్ బండ్లంటే బాంబులని చెప్పడానికి ఇవి రాయడం లేదు. పెట్రోల్ బండ్లు కూడా కాలతాయి. కానీ లిథియం బ్యాటరీ అంటుకుంటే పొగ వేగంగా, విపరీతంగా వస్తుంది, ఆర్పడం కష్టం. మన బ్లాకుల్లో అందరూ దిగడానికి ఉండేది ఆ మెట్లే. ఆ మెట్ల కింద, లిఫ్టు గుమ్మం పక్కన, మీటర్ ప్యానెల్ ఆనుకుని చార్జింగ్ పాయింట్ పెడితే మంట లేచిన రోజు దారి మూసుకుపోతుంది.

కాబట్టి స్టిల్ట్‌లో గాలి ఆడే బయటి అంచున, ఫైర్ ఇంజన్ వచ్చే దారికి అడ్డం లేకుండా చోటు చూడండి. బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకునే మోడల్ అయితే పడకగదిలో, తలుపు పక్కన పెట్టి నిద్రపోకండి. బయట ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే తగిలించకుండా ఒక అరగంట చల్లారనివ్వండి. కంపెనీ ఇచ్చిన చార్జర్ పాడైతే బజార్లో దొరికే చవక చార్జర్ కొనకండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు తయారైన నెల చూడండి. బ్యాటరీ భద్రతకు ఏఐఎస్-156 కఠిన నిబంధనల రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు తయారైన బండి బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించినా, దెబ్బ తగిలినట్టు ఉన్నా చవకగా వస్తుందని తీసుకోకండి.

బ్లాకంతా కలిసి పెట్టుకుంటే

ఒక బ్లాకులో బండ్లు ఐదారు దాటాయంటే ఎవరికి వాళ్లు వైర్లు లాగడం కంటే కమిటీ పేరున ఒకే ఎలక్ట్రిక్ వాహన చార్జింగ్ మీటర్ తీసుకోవడం మేలు. ఎవరి జీరో బిల్లూ కదలదు, ఎందుకంటే ఆ మీటర్ ఏ రేషన్ కార్డుకూ ముడిపడి ఉండదు. "మేము కరెంట్ అమ్మితే లైసెన్స్ కావాలేమో" అని కొందరు భయపడతారు. అక్కర్లేదు. ఎలక్ట్రిక్ వాహనాలకు చార్జింగ్ ఇవ్వడం సేవ కిందికి వస్తుంది, దానికి విద్యుత్ చట్టం కింద లైసెన్స్ అవసరం లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్ 13న స్పష్టం చేసింది.

12 స్కూటర్లు ఉన్న బ్లాకు అనుకుందాం. ఒక్కోదానికి ముప్పావు కిలోవాట్ చొప్పున అన్నీ ఒకేసారి పెడితే 9 కిలోవాట్లు, 1.25 రెట్ల లెక్కన 11.25. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ లోడ్ పడేది సాయంత్రం 7 నుంచి 10 మధ్య అయితే, అదే సమయానికి లిఫ్టు, బోరు, ఇళ్లలో కూలర్లు అన్నీ నడుస్తుంటాయి. అందుకే రాత్రి 10 తర్వాతే చార్జింగ్ అని కట్టుబాటు పెట్టుకోండి. ఆరు బండ్లు 10 నుంచి 2 వరకు, ఆరు బండ్లు 2 నుంచి 6 వరకు అని విడగొడితే లోడ్ సగమవుతుంది, తీసుకోవాల్సిన కనెక్షన్ కూడా చిన్నదవుతుంది. రాత్రి 2 గంటలకు లేచి ప్లగ్ మార్చేవాళ్లెవరూ ఉండరు కాబట్టి టైమర్ స్విచ్ పెట్టించండి.

డబ్బుల లెక్క: ప్రతి పాయింట్‌కు సబ్ మీటర్ ఉండాలి. ఒక్కో స్కూటర్ 40 యూనిట్లు వాడితే 12 స్కూటర్లకు 480 యూనిట్లు. 6 రూపాయల చొప్పున కరెంటాఫీసుకు 2,880. మీరు యూనిట్‌కు 8 రూపాయలు వసూలు చేస్తే 3,840. మిగిలే 960 ఫిక్స్‌డ్ చార్జీకి, రిపేర్లకు. మొదట వైరింగ్‌కు అయ్యే ఖర్చు బండ్లున్నవాళ్లే పెట్టుకోవాలి. బండి లేని ముసలివాళ్ల దగ్గర, ఒంటరి అక్కల దగ్గర "బ్లాకు అభివృద్ధి" అని వసూలు చేయడం తప్పు. తర్వాత బండి కొనుక్కునేవాళ్లు తమ వంతు కట్టి చేరొచ్చని తీర్మానంలోనే రాసుకోండి. సబ్ మీటర్ రీడింగ్‌లు నోటీసు బోర్డు మీద పెడితే సగం అనుమానాలు పుట్టవు.

ఆటోలకు మాత్రం విడి పాయింట్లు పెట్టడమే మంచిది. ఒక్కో ఆటో ఐదు స్కూటర్లంత వాడుతుంది. ఒకే కట్ట కింద పెడితే స్కూటర్‌వాళ్లకు కోపం, ఆటోవాళ్లకు ఇబ్బంది.

కమిటీకి ఇచ్చే ఉత్తరం ఇలా రాయండి

"బ్లాకు కమిటీ వారికి నమస్కారం. నేను ఫలానా నంబర్ ఇంట్లో ఉంటున్నాను. నా ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ కోసం పార్కింగ్‌లో ఫలానా స్తంభం దగ్గర ఒక పాయింట్ పెట్టుకోవడానికి అనుమతి కోరుతున్నాను. కరెంట్ నా సొంత మీటర్ నుంచి వస్తుంది, కామన్ మీటర్ వాడను. పాయింట్ మెట్లకు, లిఫ్టుకు, మీటర్ ప్యానెల్‌కు దూరంగా ఉంటుంది. విడి ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తాను. పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌తో చేయించి, ఆ కాగితం నకలు మీకు ఇస్తాను. ఖర్చంతా నాదే. ఇల్లు మారితే పాయింట్ తీసేసి గోడ సరిచేయిస్తాను. 15 రోజుల్లో మీ జవాబు రాతపూర్వకంగా ఇవ్వగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌కు విలువ ఉండదు. గ్రూపులో నలుగురు బొటనవేలు పెడతారు, ఐదో ఆయన రేపు అడ్డం తిరుగుతాడు.

కాదంటే, ఆలస్యమైతే

కమిటీ వద్దంటే కారణం రాసి ఇమ్మని అడగండి. చాలాసార్లు కారణం మంటల భయం, లేదా కామన్ మీటర్ వాడతారన్న అనుమానం. పై ఉత్తరంలో రెండింటికీ జవాబు ఉంది. స్థలం మార్చమంటే మార్చండి, అక్కడ పట్టుబట్టకండి.

కరెంటాఫీసులో దరఖాస్తు తీసుకోకపోతే, గడువు దాటినా మీటర్ రాకపోతే ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయాలి, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్. ఆలస్యానికి పరిహారం అడిగే వీలు కూడా హక్కుల నిబంధనల్లో ఉంది. దరఖాస్తు రసీదు పోగొట్టుకుంటే మాత్రం ఇవేవీ పని చేయవు, తీసుకున్న రోజే ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపించండి.

200 లోపు వాడినా జీరో బిల్లు రాలేదంటే అది చార్జింగ్ సమస్య కాదు, రేషన్ కార్డు, ఆధార్, మీటర్ నంబర్ల జోడింపులో తేడా. దానికి ఎంపీడీవో ఆఫీసులో లేదా మున్సిపల్ ఆఫీసులో ఉన్న ప్రజాపాలన సేవా కేంద్రానికి బిల్లు, కార్డు, ఆధార్ తీసుకుని వెళ్లండి. కొత్తగా ఎలక్ట్రిక్ వాహన మీటర్ తీసుకున్నవాళ్లు ఆ మొదటి నెల రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. గృహజ్యోతి కింద ఇంటి పాత యూఎస్‌సీ నంబరే ఉండాలి.